పలక లేని చెట్టు

విజయనగరంలో కూర్మనాథం గారని ఒక రిటైర్డు పోస్టుమాస్టరు ఉండేవారు. ఆయనకు అన్నీ వచ్చు గానీ, ‘నాకు తెలియదు’ అనడం ఒక్కటీ రాదు.

రోజూ పొద్దున్నే చెట్ల పుస్తకం చంకన పెట్టుకుని పార్కుకు వచ్చేవారు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఇది కానుగ, ఇది పొగడ అని చెబుతుండేవారు. మనిషి మంచివాడే, పాపం. చెప్పేవీ చాలావరకు నిజాలే. అందుకే నడక సంఘం వాళ్ళు చెట్లన్నిటికీ పేర్ల పలకలు రాసే పని ఆయనకు అప్పగించారు. ఆయన పొంగిపోయారు.

పది రోజుల్లో వేపకూ బాదానికీ నిద్రగన్నేరుకూ పలకలు వేలాడాయి. గేటు పక్క చెట్టు దగ్గరే చిక్కొచ్చి పడింది. అది మాఘమాసం. చెట్టుకు ఒక్క ఆకు లేదు. తీగలకు తగులుతున్నాయని కరెంటువాళ్ళు కాయలున్న కొమ్మలు కొట్టేశారు. పుస్తకమేమో ఆకునూ పువ్వునూ చూసి పోల్చుకోమంటుంది. ఆకులూ పూలూ ఉన్నప్పుడు ఆయన దాన్ని పట్టించుకున్నదీ లేదు. ఆయన చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగారు. అక్కడే పైడమ్మ ఊడుస్తోంది. పద్దెనిమిదేళ్ళుగా ఆ పార్కు ఊడుస్తున్న మనిషి, ఎండల్లో ఆ చెట్టు కిందే అన్నం తినే మనిషి. ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ చెట్ల మాస్టారని పేరు పడ్డాక ఆమెను అడగడం ఆయనకు నామోషీ అనిపించింది.

ఆ చెట్టుకు పలకేదని సంఘం అధ్యక్షుడు అడిగాడు.

“అది చచ్చిపోయిందండీ, పలకెందుకు?” అనేశారు కూర్మనాథం గారు. గండం గడిచిందనుకున్నారు.

అధ్యక్షుడు చురుకైన మనిషి. చచ్చిన చెట్టు ఎవరి నెత్తిన పడుతుందోనని ఆ రోజే మున్సిపాలిటీకి అర్జీ పెట్టాడు. నాలుగో రోజు కూర్మనాథం గారు వచ్చేసరికి రంపం పని మొదలైంది. ఒక పెద్ద కొమ్మ నేలమీద పడి ఉంది. పైడమ్మ మానుకు అడ్డంగా నిలబడింది. మాస్టారే చచ్చిందన్నాక నువ్వెవరివి చెప్పడానికని అందరూ ఆమెను కసురుతున్నారు.

ఆయన్ని చూడగానే పైడమ్మ గోటితో బెరడు గీకింది. లోపల పచ్చగా, తడిగా ఉంది.

“ఇది సచ్చిపోనేదు బాబూ. రేల సెట్టు. ఏటా ఇలాగే మోడైపోద్ది, ఎండలు ముదిరాక పూత్తాది. మీరు సెప్తే ఆళ్ళు ఇంటారు” అంది.

అందరూ ఆయన వైపు తిరిగారు. పేరు నిలబెట్టుకోవాలంటే ఊరుకుంటే చాలు. కిందపడ్డ కొమ్మ నుంచి నీరు కారుతోంది. అది చూసి ఆయన మనసు చివుక్కుమంది.

“ఆపండి. అది ఏం చెట్టో నాకు తెలియదు. తెలియక చచ్చిపోయిందన్నాను. తప్పు నాదే” అన్నారు.

కొందరు ముసిముసిగా నవ్వుకున్నారు. రంపం ఆగింది.

వైశాఖంలో ఆ చెట్టు నిండా పసుపుపచ్చటి పూల గుత్తులు వేలాడాయి, కొమ్మ పోయిన వైపు తప్ప. కూర్మనాథం గారు దానికి తన చేత్తోనే పలక కట్టారు. దాని మీద ‘రేల’ అనీ, కింద ‘చెప్పినవారు పైడమ్మ’ అనీ రాశారు. ఆ తర్వాత ఏ చెట్టు దగ్గర అనుమానం వచ్చినా ముందు ఆమెనే అడిగేవారు.

నీతి: తెలియదని ఒప్పుకుంటే కాసేపు చిన్నతనంగా ఉంటుంది, అంతే; తెలిసినట్టు నటిస్తే ఆ దెబ్బ మరొకరి ప్రాణం మీద పడుతుంది.