హోమధూమంలో నేర్చిన పాఠం

పూర్వం కృతయుగం చివరి పాదంలో, తుంగభద్రా తీరాన, తపోధనుడైన శ్రుతశీల మహర్షి నూరుగురు శిష్యులకు వేదవిద్య బోధిస్తూ ఉండేవాడు. ప్రాతఃకాల హోమం ముగియగానే ఆ గుండం పక్కనే కూర్చుని తాను ఒకసారి పలికితే, శిష్యులు విన్నది విన్నట్టుగా రెండుసార్లు పలకాలి. చదువులో చేరి పన్నెండేళ్ళు నిండేదాకా ఎవరూ సందేహం అడగరాదు. అదీ ఆశ్రమ నియమం.

"అడగనివ్వకపోతే వాళ్ళకు ఏం అర్థమైందో మీకెలా తెలుస్తుందండీ?" అని ఆయన ధర్మపత్ని, సాధ్వి అయిన సుమేధ ఒకటి రెండుసార్లు అన్నది.

"ముందు కుండ నిండనీ" అని ఆయన నవ్వి ఊరుకున్నాడు.

కాలక్రమాన వార్ధక్యం మీదపడి, తన విద్య తనతోనే అంతరిస్తుందేమోనన్న దిగులు పట్టుకోగా, ఆ ముని నిరాహారుడై ఘోరతపస్సు చేసి దేవగురువైన బృహస్పతిని మెప్పించి, "స్వామీ, నా తరువాత వేయి సంవత్సరాలు ఈ విద్య నిలిచేలా అనుగ్రహించు" అని వేడుకున్నాడు.

"ముందు నీ శిష్యుల చేత పాఠం వినిపించు. వరం మాట తరువాత" అన్నాడు బృహస్పతి, దర్భాసనంపై కూర్చుంటూ.

నూరుగురూ ఏకకంఠంతో జలదేవతా స్తుతిని ఎత్తుకున్నారు. అక్షరం తొణకలేదు, స్వరం చెదరలేదు. మహర్షి ఛాతీ ఉప్పొంగింది. ఇంతలో మూడవ పాదం నడుమ నూరుగురూ ఒక్కసారి ఆగి, ముచ్చటగా రెండుసార్లు దగ్గి, మళ్ళీ అందుకున్నారు.

దేవగురువు కనుబొమలు పైకి లేచాయి. "శ్రుతశీలా, ఈ దగ్గు ఏ ఛందస్సయ్యా?"

రోజూ హోమధూమం కమ్మి, సరిగ్గా ఆ చోటనే తనకు దగ్గు వచ్చేదని మహర్షికి అప్పుడు స్ఫురించింది. సిగ్గు కోపమై, కోపం మంటయై, కమండలంలోని నీరు దోసిట్లోకి వంచుకుని, "మూఢులారా!" అని శపించబోయాడు.

"ఆగండి" అన్నది సుమేధ. "ఎవర్ని శపిస్తారు? మీరు చెప్పిందే చెప్పారు పాపం. దగ్గు మంత్రమా కాదా అని అడగడానికి వాళ్ళకింకా పన్నెండేళ్ళు నిండలేదు కదండీ!"

శిష్యుల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మహర్షి దోసిట్లోని నీటిని చాలాసేపు చూశాడు. చివరికి ఆ శాపజలాన్ని తానే తాగేశాడు. గొంతు చల్లబడింది. పీఠం దిగి, శిష్యుల మధ్య నేల మీద కూర్చుని, పెద్దవాడైన పింగాక్షుణ్ణి పిలిచాడు.

"నాయనా, ఈ స్తుతిలో నీకేమైనా సందేహం ఉందా?"

పింగాక్షుడు చేతులు జోడించాడు. "ఏడేళ్ళుగా ఉంది స్వామీ. అడగమంటారా?"

"అడుగు తండ్రీ."

"పారే జలానికి నమస్కారం అంటున్నాం. వేసవిలో ఏరు ఎండిపోయినప్పుడు ఆ నమస్కారం ఎవరికి చెందుతుంది?"

నలభై ఏళ్ళుగా ఆ పాదాన్ని పలుకుతున్న మహర్షికి ఆ ఆలోచనే రాలేదు. ఇంత శాస్త్రం తెలిసి, ఇంత చిన్న ప్రశ్న తోచకపోవడమేమిటని ఆయనకే వింత అనిపించింది. నూరు జతల కళ్ళు తనవైపే చూస్తున్నాయి. ఎదురుగా దేవగురువు ఉన్నాడు. మాట తడబడిందంటే వరం పోతుంది.

"నాకు తెలియదు నాయనా" అన్నాడాయన మెల్లగా. "రేపు అందరం కలిసి ఏటి ఒడ్డున కూర్చుని ఆలోచిద్దాం."

బృహస్పతి ఆసనం మీది నుంచి లేచాడు. "తథాస్తు! ఈ మాట పలకగలిగిన చోట విద్య చావదు. ఇంద్రుడి ప్రశ్నలతో నేను పడే పాట్లు ఇక నీకూ తప్పవు సుమా!" అని నవ్వుతూ అంతర్ధానమయ్యాడు.

నాటి నుంచి పాఠం హోమగుండం దగ్గర కాక ఏటి గట్టున సాగింది. పొగా లేదు, దగ్గూ లేదు. అయినా మూడవ పాదం నడుమ ఆ ఆశ్రమంలో అందరూ ఒక్క క్షణం ఆగుతూనే వచ్చారు. ఎవరైనా అడగదలిస్తే అడగడానికి.

ఈ కథ చదివిన గృహస్థుల ఇంట పసిబిడ్డ ప్రశ్న వేయబోయినప్పుడు, ఆ క్షణపు మౌనం నిలుచుగాక!