మొద్దులగట్టు తిట్లమ్మవారు కొత్త తిట్టు కోరిన కథ

మొద్దులగట్టు ఎక్కే భక్తులు కొబ్బరికాయ మరచిపోయినా ఫరవాలేదు గానీ, తిట్టు లేకుండా రాకూడదు. తిట్లమ్మవారు పాత తిట్టును స్వీకరించరు. బజారులో అరిగిపోయిన బూతులను మెట్ల కిందే వదిలి, ఎవరూ విననిదొకటి సొంతంగా కల్పించి అమ్మవారి ముఖానే అనాలి. కులాన్ని, పుట్టుకను, అవిటితనాన్ని, తల్లిని, చెల్లిని తాకే మాట ఇక్కడ చెల్లదు. కొత్తవారు సిగ్గుపడటం సహజం. ఈ గుడికి వచ్చిన ప్రతి పూజారీ మొదటి ఏడాది చెవులు మూసుకున్నవాడే.

పూర్వం ఈ గట్టు కింద చెంచక్క అనే మేకలకాపరి ఉండేది. భర్త పోయాక ఆమెకు మిగిలినవి కొన్ని మేకలు, ఒక నోరు. "రావే ఉచ్చగుంట కప్పా! నడువే తడితాటాకు ముడ్డీ!" అంటే గానీ ఆ మేకలు కదిలేవి కావు. ఆమె ప్రేమంతా ఆ మాటల్లోనే ఉండేది. గ్రామపెద్ద సంజీవరాయుడికి అది అర్థం కాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నమ్మిన మనిషి కనుక, ఇంకొక్క బూతు వినబడితే మేకలతో సహా ఊరు దాటాల్సిందేనని తీర్పు చెప్పాడు. చెంచక్కకు మరో ఊరు తెలియదు. పళ్ళు బిగించి నోరు కట్టుకుంది. ఆమె మర్యాదగా పిలిస్తే మేకలు ఇంకెవరినో అనుకుని చెట్టుకొకటి, పుట్టకొకటి పోయాయి.

అలా పోయిన ఒక మేకను వెతుకుతూ, వాగు ఇసుకలో పొడుచుకువచ్చిన రాతి ముఖాన్ని చూసిందామె. ఊరంతా కలిసి తవ్వగా నిలువెత్తు అమ్మవారు బయటపడింది. వాగు పొంగితే విగ్రహం మళ్ళీ ఇసుక పాలవుతుందని, వానలకు ముందే గట్టు మీదికి చేర్చాలని పెద్దలు నిర్ణయించారు. దుంగలు పరచి, మోకులు కట్టి, స్తోత్రాలు చదువుతూ మూడు రోజులు లాగారు. గట్టు మొదట్లోనే విగ్రహం మొండికేసింది. పడమట మబ్బులు కమ్ముకున్నాయి.

ఆ మధ్యాహ్నం బండనీడలో కునుకు తీసిన చెంచక్కకు అమ్మవారు కలలో కనిపించింది. "ఒసే చెంచీ, పొగిడి పొగిడి నన్ను బండను చేశారే. నీ మేకల్ని పిలిచినట్టు ఒక్కసారి పిలవవే," అంది.

చెంచక్క దిగ్గున లేచింది. పిలిస్తే ఊరు పోతుంది, పిలవకపోతే తల్లి పోతుంది. అడిగిన తల్లికి లేదనడం ఆమెకు చేతకాలేదు. మోకుల దగ్గరికి వెళ్ళి, "కదలవే పిత్తుల పిండిబానా!" అని గట్టు అదిరేలా అరిచింది. లాగేవాళ్ళకు నవ్వాగలేదు. మూడు రోజుల అలసట ఆ నవ్వులో కొట్టుకుపోయి అందరూ ఒక్క ఊపున లాగితే విగ్రహం మూరెడు కదిలింది. అదే తిట్టు మళ్ళీ అంటే ఎవరూ నవ్వలేదు, రాయీ కదల్లేదు. దానితో చెంచక్క మూరకొక కొత్త తిట్టు కల్పించింది. వాటిలో చాలావరకు అచ్చువేయదగినవి కావు. అడిగితే కొండమీద పెద్దలు చెబుతారు.

పీఠం ఇంకా రెండు మూరలుందనగా చినుకు మొదలైంది. చెంచక్క గొంతు పూడుకుపోయింది. తడిసిన దుంగల మీద విగ్రహం వెనక్కి జారసాగింది. దాని కింద, భుజాలు ఆనించినవారు ఇరవై మంది ఉన్నారు. ముందు మోకు పట్టిన సంజీవరాయుడు పుట్టి బుద్ధెరిగి బూతు పలకలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, "లాగరా, ముడ్డిమీసపు సంజీవరాయుడా!" అని తన్ను తానే తిట్టుకున్నాడు. గట్టంతా ఘొల్లుమంది. ఆ ఊపులో అమ్మవారు పీఠమెక్కింది.

చెంచక్క మాత్రం తలవంచుకుని మేకలను కూడదీసుకోసాగింది.

"యాడికే?" అన్నాడు రాయుడు.

"నీ తీర్పే గదా సామీ."

"ఆ తీర్పుకు నేనూ పోవాల. ఇద్దరమూ పోతే ఈ తల్లిని తిట్టేదెవరు?"

చెంచక్క అక్కడే కూలబడి ఏడ్చేసింది. ఆమె ఊరు ఆమెకు దక్కింది.

నేటికీ చైత్రమాసం మూడో మంగళవారం రాయుడి వంశస్థుడు గడప ముందు తన్ను తాను తిట్టుకున్నాకే గుడి తలుపు తీస్తారు. మనసులో మాట గడ్డకట్టినవారు ఇక్కడికి వస్తే తేలికపడతారని ప్రతీతి. పోయిన జాతరకు, భర్త పోయి ఎనిమిది నెలలుగా పెదవి విప్పని ఒక ఇల్లాలిని ఆమె అక్క పట్టుకొచ్చింది. ఆ ఇల్లాలు అమ్మవారి ఎదుట నిలబడి, "చూస్తా ఊరుకుంటివి గదే, చిల్లుల చేటమొగమా!" అంది. వెక్కివెక్కి ఏడ్చింది. తన మాట తనకే వినబడి నవ్వింది. తరువాత పులిహోర రెండుసార్లు అడిగి పెట్టించుకుంది.