కొంగ మెడ, గంధర్వుల పలక

అనగనగా, మబ్బులు కిందికి దిగి నీళ్ళు తాగి వెళ్ళే రోజుల్లో, పాలచెరువులో ధవళి అనే పిల్లకొంగ ఉండేది. చెరువంతటిలోకీ అందమైన మెడ తనదేనని దానికి తెలుసు. తెలిసినా రోజుకు నాలుగుసార్లకు మించి ఎవరితోనూ అనేది కాదు. అంత వినయం!

ఆ కొంగల్లో ఒక ఆచారం ఉంది. వలస వెళ్ళే ఉదయం, ఆ ఏడు ఎదిగిన పిల్లల్లో ఒకరు అందరికన్నా ముందు ఎగిరి, జంటకొండల నడుమ సందు చూసి దారి చూపాలి. ఈసారి ఆ వంతు ధవళిది.

ఏ గంధర్వుడి చేతిలోంచి జారిందో, ఒకనాడు మెరిసే పలకొకటి రెల్లు మొదట్లో పడింది. ముక్కుతో తాకితే చాలు, అందులో చేపలు నాట్యమాడేవి, పేరు తెలియని నదులు పారేవి. "ఇంకొక్క బొమ్మ" అనుకుంటూ ధవళి పొద్దస్తమానం ఒంటికాలి మీద నిలబడి, మెడ వంచి చూసేది.

మొదట మెడ పట్టేసింది. తర్వాత రెక్కల మొదళ్ళు సలిపాయి. ఆపైన మోకాలు బిగిసింది.

"ఏమే, కొడవలి మెడా! నీ వంతు నాకిచ్చెయ్యకూడదూ?" అంది పిన్ని కూతురు చంచల.

ధవళి వైద్యం వెతుక్కుంటూ బయల్దేరింది. పీత బురద పట్టు వేసింది. ఒక్క పూట హాయి. కప్ప పసరు తాగించింది. నోరు చేదయింది గానీ మెడ కదల్లేదు. చివరికి తాబేలు అవ్వ దగ్గరికెళ్ళింది.

"ఆ కొండ మీద ఏముందో చెప్పవే," అంది అవ్వ.

"నీళ్ళలో నీడ చూసి చెప్పనా అవ్వా?"

"అయ్యో తల్లీ! నీ మెడ చెడిపోలేదే, కదలడం మరిచిపోయింది. ఒక తూనీగను పంపుతాను. అది వచ్చి వాలినప్పుడల్లా తలెత్తు, రెక్క విప్పు, నాలుగడుగులు వెయ్యి."

అవ్వ పంపిన తూనీగ గడుసుది. సరిగ్గా బొమ్మ మీదే వాలేది. ధవళి విసుక్కునేది, మూలిగేది, అయినా లేచి నడిచేది. నెల తిరిగేసరికి మెడ మళ్ళీ మబ్బుల వైపు లేచింది.

వలస ఉదయం పొగమంచులో కొంగల బారు లేచింది. కింద చెరువు పెద్ద పలకలా తళతళలాడింది. ధవళి మెడ ఒక్క క్షణం వాలబోయింది. అంతలో తూనీగ గుర్తొచ్చింది. తలెత్తింది. ఎదురుగా జంటకొండల నడుమ బంగారు సందు!

మరుసటి ఏడు తిరిగొచ్చి ధవళి అవ్వతో అంది: "అవ్వా, తలెత్తడం వచ్చింది. 'ఇంకొక్క బొమ్మ' దగ్గర ఆగడం మాత్రం ఇంకా రాలేదు. తూనీగను పంపవూ?"

తనంతట తాను ఆగలేనప్పుడు, ఆపేవాళ్ళను అడిగి పిలుచుకోవడమూ తెలివే.