సూరాంబ పంపిన బొంత

అనగా అనగా, కాలవ గట్టు మీద ఒక ఊళ్ళో సూరాంబ అని ఒకావిడ ఉండేదిరా కన్నా. ఆవిడ బొంతలు కుట్టేది. చలికాలంలో ఆవిడ కుట్టిన బొంత కప్పుకుంటే ఇక పొద్దున్నే లేవబుద్ధి అయ్యేది కాదుట. నీకైతే అసలు ఇవ్వకూడదు, బడి ఎగ్గొడతావు.

ఆవిడ బొంతలు బజార్లో అమ్మేది కాదు. వ్యాపారమంతా పోస్టులోనే. వారపత్రికలో చిన్న ప్రకటన వేయించేది, మీ ఇంట్లో పాత చీరలు పంపండి, బొంత కుట్టి పంపిస్తానని. అప్పుడు ఎక్కడెక్కడి నుంచో చీరల మూటలు వచ్చేవి. సూరాంబ వాటిని ఉతికి, ఆరేసి, పొరలు పేర్చి కుట్టి, గుడ్డలో చుట్టి మళ్ళీ ఆ ఊళ్ళకే పంపేది. ఎవరి చీరలు వాళ్ళకే. ఒకరి పేలిక ఇంకొకరి బొంతలో కలిసేది కాదు.

కొన్ని మూటలు వచ్చేవి, అవి పోయినవాళ్ళ చీరలు. వాటిని చాలా భద్రంగా చూసుకునేది సూరాంబ. వాళ్ళ అత్తగారు చెప్పిన పద్ధతి ఒకటి ఉండేది. పోయినవాళ్ళ చీరలతో కుట్టిన బొంత, ఆఖరి కుట్టు పడ్డాక మన ఇంట్లో పొద్దు గుంకేదాకా ఉండకూడదు. తన మనుషుల దగ్గరికి వెళ్ళాలని ఆ ప్రాణం కొట్టుకుంటూ ఉంటుందిట. అందుకని ఆఖరి కుట్టు ఎప్పుడూ పొద్దున పూటే వేసేది. అదే రోజు పోస్టులో వేసొచ్చేది.

వ్యాపారం నాలుగు ఊళ్ళకి తెలిశాక మోసగాళ్ళు ఊరుకుంటారా? మొదట ఒక పెద్దమనిషి రాశాడు. మా సత్రానికి బండెడు బొంతలు కావాలి, ముందు సరుకు పంపు, డబ్బు తర్వాత చూద్దామని. సూరాంబ నవ్వుకుని, ముందు బయానా పంపండి నాయనా అని రాసింది. మళ్ళీ వాడి ఊసు లేదు.

ఆ తర్వాత ఖాకీ చొక్కా వేసుకుని ఇంకొకడు వచ్చాడు. ఇక నుంచి పార్సిళ్ళ మీద తన ముద్ర ఉండాలిట, లేకపోతే దారిలో ఆపేస్తారుట, ఆ ముద్రకి రుసుము కట్టాలిట. సూరాంబ వాణ్ణి అరుగు మీద కూచోబెట్టి, చేతికి మజ్జిగ గ్లాసిచ్చి, పోస్టు మాస్తరు గారిని అడుగుదామని వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మనిషి లేడు. మజ్జిగ మాత్రం శుభ్రంగా తాగే పోయాడు.

అప్పుడు సూరాంబకి కొంచెం గర్వం వచ్చింది. నా దగ్గర ఎవడి పప్పులూ ఉడకవు అనుకుంది. డబ్బు అడిగేవాడే దొంగ అని ఆవిడ లెక్క. డబ్బు అడగని దొంగ కూడా ఉంటాడని ఆవిడకి తట్టలేదురా, పిచ్చిది.

ఆ తర్వాత ఒక మూట వచ్చింది. అందులో మూడు చీరలు. వీరభద్రం అనే ఆయన పంపాడు. భార్య మాణిక్యం జ్వరమొచ్చి పోయింది. వాళ్ళకి వరాలు అని నీ అంత పిల్ల ఉంది. అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆ పిల్లకి నిద్ర సరిగ్గా పట్టడం లేదుట. వాళ్ళమ్మ చీరలతో బొంత కుట్టి పంపండి, కప్పుకుంటే పడుకుంటుందేమో అని రాశాడు. అది చదివి సూరాంబ కళ్ళు తుడుచుకుంది.

మాణిక్యం చీరల్లో ఒకటి పెళ్ళి చీర. నిండా అసలు జరీ. ఆ జరీ అంచు బొంత చుట్టూ వచ్చేట్టు పెట్టి, అరుగు మీద కూచుని కుట్టడం మొదలుపెట్టింది సూరాంబ.

అప్పుడు వీధిలో పాత జరీ కొనేవాడు వచ్చాడు. ఆ రోజుల్లో తిరిగేవాళ్ళులే, పాత పట్టుచీరలు కొని, జరీ కాల్చి వెండి తీసుకునేవాళ్ళు. వాడి చూపు బొంత మీద పడింది.

"అమ్మగారూ, ఆ అంచు ఇచ్చేయండి, మంచి ధర ఇస్తా" అన్నాడు.

"నాది కాదు నాయనా, ఇచ్చేదానికి," అంది సూరాంబ. అక్కడితో ఊరుకుంటే పోయేది. కానీ ఆ పిల్లని తలుచుకుని మనసు కరిగిపోయి ఉంది కదా, నోరు జారింది. తల్లి లేని పిల్లదనీ, ఫలానా ఊరి వీరభద్రం గారమ్మాయనీ, వచ్చే వారానికల్లా పంపించేస్తాననీ అన్నీ చెప్పేసింది. వాడు అయ్యో పాపం అంటూ అన్నీ విన్నాడు. విని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వారం ఒకరోజు పొద్దున్నే ఆఖరి కుట్టు వేసింది. అంతలో పోస్టులో ఒక కార్డు వచ్చింది. అమ్మా, మేము ఇల్లు మారాము, బొంత ఈ కింది చిరునామాకి పంపగలరు, ఇట్లు వీరభద్రం అని ఉంది.

సూరాంబకి ఒక్క క్షణం అనుమానం వచ్చింది. దస్తూరి మొదట వచ్చినదానిలా లేదు. పాత చిరునామాకి ఒక కార్డు రాసి కనుక్కుంటే బావుంటుందేమో అనిపించింది. కానీ జవాబు వచ్చేదాకా ఈ బొంత ఇంట్లోనే ఉండాలి కదా. ఆ మాణిక్యం ప్రాణం పిల్ల కోసం ఎంత కొట్టుకుంటోందో ఏమో అనుకుంది. అప్పుడు గబగబా బొంత చుట్టి, కొత్త చిరునామా రాసి, పోస్టాఫీసు మూసేలోపు వెళ్ళి ఇచ్చేసింది. తల్లీబిడ్డల్ని కలిపానని తృప్తిగా ఇంటికొచ్చింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు మధ్యాహ్నం వీరభద్రం వచ్చాడు, పిల్లని వెంటబెట్టుకుని.

"ఏమ్మా, ఇంకా కుట్టడం కాలేదా? పిల్ల రోజూ గుమ్మంలో కూచుంటోంది," అన్నాడు.

సూరాంబ కుడుతున్నది పక్కన పెట్టి లేచింది. "మీరు ఇల్లు మారలేదా బాబూ?" అని అడిగింది.

"ఎక్కడికి మారతామమ్మా. అదే ఇల్లు."

అప్పుడు ఆయన్ని తీసుకుని పోస్టాఫీసుకి పరుగెత్తింది. మాస్తరు గారు పాపం ఆ కార్డులో ఉన్న ఊరి పోస్టాఫీసుకి ఫోను చేయించారు. వాళ్ళు మనిషిని పంపి కనుక్కున్నారు. బొంత తీసుకున్నవాడు గది ఖాళీ చేసి ఎప్పుడో పోయాడు. జరీ అంచంతా చింపి పట్టుకుపోయాడు. మిగతా పేలికలు గదిలో గుట్టగా పడి ఉంటే, ఆ ఇంటావిడ ఊడ్చి వేన్నీళ్ళ పొయ్యిలో వేసేసిందిట. ఆవిడకి మాత్రం ఏం తెలుసు.

వీరభద్రం సూరాంబ ఇంటికి తిరిగొచ్చాక గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తిట్టినా బావుండేది అనుకుంది సూరాంబ. ఆయన భుజాలు కదలడం చూసి ఆవిడకి ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

పెట్టెలోంచి తన చీరలన్నీ తీసి పిల్ల ముందు పెట్టింది. "నీకు ఏవి కావాలంటే అవి తీసుకో తల్లీ, ఇంకో బొంత కుట్టి ఇస్తా" అంది.

వరాలు వాటిని చూసింది. "ఇవి మా అమ్మవి కాదుగా" అంది.

ఆ పిల్ల కోపంగా అనలేదురా. ఉన్నమాట అంది, అంతే. సూరాంబ చీరలు మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

కాసేపయ్యాక వరాలే దగ్గరికొచ్చి అడిగింది. "బామ్మా, నా బొంత ఎలా ఉంది?"

అప్పుడు సూరాంబ పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకుని చెప్పింది. "అడుగున చిలకపచ్చ చీర వేశానమ్మా. కొంగున పసుపు మరక ఉంది. మీ అమ్మ వంట చేస్తూ చెయ్యి తుడుచుకునేది కాబోలు. ఎంత ఉతికినా పోలేదు."

"ఊఁ" అంది వరాలు.

"మధ్యలో నీలం గళ్ళ చీర. ఒక మూల అంతా నలిగిపోయి ఉంది. ఎవరో చంటిపిల్ల నోట్లో పెట్టుకుని నమిలినట్టు."

"నేనే" అంది వరాలు.

"పైన పెళ్ళి చీర. కుంకం రంగు. అది మాత్రం ఉతకలేదు తల్లీ, పెట్టెలో వేసిన కర్పూరం వాసన వస్తుంటే అలాగే ఉంచేశాను."

వరాలు మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. సూరాంబ మళ్ళీ చెప్పింది. మూడోసారి చెబుతుండగా పిల్ల నిద్రపోయింది. బస్సు వేళ అయ్యేదాకా సూరాంబ కాలు కదపలేదు.

ఆ తర్వాత సూరాంబ తన పద్ధతి మార్చుకుంది. ఎవరి బొంత కుడుతోందో వీధిలో ఎవరికీ చెప్పేది కాదు. చిరునామా మారిందని కార్డు వస్తే పాత చిరునామాకి రాసి, జవాబొచ్చేదాకా పంపేది కాదు. పోయినవాళ్ళ బొంతలు వారాల తరబడి ఆవిడ ఇంట్లోనే ఉండేవి. దీపం పెట్టేటప్పుడు వాటితో మాట్లాడేది. కొంచెం ఓపిక పట్టు తల్లీ, మీవాళ్ళ జవాబు రానీ అనేది.

వరాలు బొంత మాత్రం ఇక లేదు. పోయింది పోయినట్టే. అలాంటివి మళ్ళీ రావు నాన్నా. ఏడవకు.

చలికాలం మొదలైతే చాలు, వరాలు దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చేది. బామ్మా, నా బొంత ఎలా ఉందో మళ్ళీ రాయవా అని. అప్పుడు సూరాంబ కుట్టుపని పక్కన పెట్టి, పచ్చ చీర, నీలం చీర, పెళ్ళి చీర, అన్నీ వివరంగా రాసేది. రాసి, చిరునామా ఒకటికి రెండుసార్లు చూసుకుని, తనే వెళ్ళి పోస్టులో వేసొచ్చేది.

కథ వెళ్ళింది కంచికి,
కునుకు వచ్చింది కంటికి,
ఎవరి బొంత వాళ్ళింటికి,
నువ్వూ నేనూ మనింటికి.