పీతల లెక్క

కొండ దిగువన జీడితోట. దాని పక్కనే గెడ్డ, ఆ వాగు నిండా పీతలు. ఆ తోటలో నూకాలు అనే ఆడనక్క ముగ్గురు పిల్లలతో ఉండేది. వాళ్ళ తండ్రి సింహాచలం వేరుపడి గెడ్డ అవతల బొరియ చూసుకున్నాడు.

వెళ్ళేరోజు, "పిల్లల తిండి నేను చూసుకుంటాను. మనలో మనకి పెద్దమనుషులెందుకు?" అన్నాడు. నూకాలు సరేనంది.

ఒకరోజు ఆరు పీతలు తెచ్చాడు. నాలుగురోజులు అయిపు లేడు, ఎక్కడున్నాడో తెలీదు. మళ్ళీ వచ్చి, "మొన్న తోటలో పెద్దోడికి ఎలుకనిచ్చాను, అది రెండు పీతల కింద పోయింది. అంతకుముందు తెచ్చినవాటిలో రెండు రేపటివి. అంటే నువ్వే నాకు రెండు పీతలు ఇవ్వాలి" అన్నాడు.

నూకాలుకి తల తిరిగింది. వేళ్ళు మడిచింది, విప్పింది. ఏదో తేడాగా ఉంది కానీ ఎక్కడో దొరకలేదు. చివరికి తను పట్టుకున్న రెండు పీతలూ తీసి ఇచ్చేసింది!

"అమ్మా, మన తిండి నాన్నకెందుకిచ్చావు?" అంది నడిపి పిల్ల.

"ఏమోనే, నాకూ తెలీడం లేదు" అంది నూకాలు. అని, ఏడుపొచ్చి, నేరుగా గౌరన్న దగ్గరికి వెళ్ళింది. గౌరన్న ముసలి ఎద్దు. తోటలో తగవులు తీర్చేది అతనే. పీతల సంగతంతా అతనికి చెప్పుకుంది.

"తాతా, నలుగురిలో పెడితే ఆయనకి కోపమొచ్చి అసలే మానేస్తాడేమో. పిల్లల్ని చూడ్డానికైనా రాడేమో."

"చూడ్డం వేరు, తిండి వేరమ్మా. రెండూ కలిపేసే నిన్ను తికమక పెడుతున్నాడు" అన్నాడు గౌరన్న. సింహాచలానికి కబురంపాడు.

సింహాచలం నవ్వుతూ వచ్చాడు. "తాతా, సగం రోజులు పిల్లలు నా బొరియలోనే ఉంటారు. సగం పోషణ నాదే. ఇంకా తెమ్మంటే న్యాయమా?"

నూకాలు బిత్తరపోయింది. పిల్లలు అతని బొరియకి ఎప్పుడు వెళ్ళారు? తను నిద్రపోయినప్పుడా?

గౌరన్న తాపీగా నెమరేస్తూ, "అలాగా. మరి నీ దగ్గర ఏం తింటారు?" అన్నాడు.

"పీతలే! చిన్నదైతే అందరికంటే ఎక్కువ లాగించేస్తుంది."

నూకాలు అయోమయంగా చూసింది. "చిన్నదానికి పీత పడదు కదయ్యా. ముక్క తగిలితే చాలు, మూతి వాచిపోతుంది. ఈతపళ్ళే దాని తిండి."

సింహాచలం తల తిప్పేసుకుని గెడ్డ వైపు చూశాడు.

"నీ బొరియలో సగం రోజులు ఉండే పిల్ల ఏం తింటుందో నీకే తెలీదన్నమాట" అన్నాడు గౌరన్న. "ఇక విను. రోజూ పొద్దున్నే గెడ్డ రేవు దగ్గర నా ముందు ఎనిమిది పీతలు, గుప్పెడు ఈతపళ్ళు పెట్టాలి. రాలేకపోతే ముందురోజే చెప్పాలి. పిల్లల్ని ఎప్పుడైనా చూసుకో, దానికెవరూ అడ్డు రారు."

మర్నాడు సింహాచలం నాలుగు పీతలతో వచ్చి, "నిన్న నేను..." అని మొదలెట్టాడు.

"నిన్నటి సంగతి తర్వాత. ఇవాళ్టివి ఇంకో నాలుగేవి? పళ్ళేవి?" అన్నాడు గౌరన్న.

చుట్టూ కుందేళ్ళూ, ముంగిసలూ చూస్తున్నాయి. సింహాచలం తోకముడిచి మళ్ళీ గెడ్డలోకి దిగాడు.

బిడ్డల తిండి ఒకరి దయకి వదలకూడదు, నలుగురి ముందు కుదుర్చుకోవాలి.