పాయసం కొలిచిన ఎత్తు

కొండమల్లెవలస రాజావారికి భోజనాల బల్ల మీద రైలు నడపాలని బుద్ధి పుట్టింది. కీ ఇస్తే పరిగెత్తే బొమ్మ రైలు. వంటింటి వైపు గారెలు ఎక్కించుకుని, బల్ల చివర మలుపు తిరిగి, ప్రభువుల కంచం ముందు ఆగాలి. దాని కూత పదూళ్లకి వినిపించేది. సరే, పక్క గదికి వినిపించేది.

చిక్కల్లా మలుపులోనే. అక్కడికి రాగానే రైలు రొప్పుతూ ఆగిపోయేది. అదీ ఎక్కడ? పట్టాలు వేయించిన దివాను భీమశంకరం గారి కంచం ఎదుట! ఆయన చేత్తో తోస్తేగాని కదలదు. ప్రభువుల దగ్గరికి చేరేసరికి గారె ఉండదు, గారె చిల్లు ఉంటుంది.

"మలుపులో ఎత్తుందేమో కొలవండి," అన్నారు ప్రభువులు.

దివాను గారు మట్టపు బద్దని పట్టాలకి అడ్డంగా పెట్టారు. లోపలి బుడగ నడిమధ్య నిలిచింది.

"అద్దంలా ఉంది ప్రభూ!"

"అడ్డంగా కాదయ్యా, పొడుగునా చూడు."

బద్ద తిన్నగా, పట్టా వంకరగా. పొడుగునా పెడితే జారి పప్పులో పడింది.

"వంకరదాన్ని కొలిచే సాధనం భూమ్మీదే లేదు," అని తేల్చేశారు దివాను గారు.

రాణీగారి వెనక నిలబడి కబుర్లు చెప్పడం నా కొలువు. నా నోరు ఊరుకుంటుందా?

"నేను కొలుస్తాను ప్రభూ! మా తాత హిమాలయాలని జానలతో కొలిచాడు!"

దివాను గారు పళ్లికిలించారు. "కొలవలేకపోతే, నరసమ్మా, ఏడాదిపాటు నిజం తప్ప మాట్లాడకూడదు."

"బాగుంది, అలాగే కానీ," అన్నారు ప్రభువులు.

ఏడాది నిజమా! రెండు పూటలు బతకను. కొలువూ పోతుంది. ఉత్త నిజాలు వినడానికి రాణీగారికి నేనెందుకు?

సిగ్గుతో తల దించుకుంటే నా చీర కనిపించింది. పాయసం పట్టుకుని మెట్లెక్కానంటే మీద ఒలకబోసుకోవాల్సిందే. నా చీర మరకలు చూసి కోటలో ఏ మెట్టు ఎంత ఎత్తో చెప్పొచ్చు. ఆ దిక్కుమాలిన మరకలే దారి చూపించాయి.

నలుపలకల వెండి గిన్నె నిండా పలచటి పాయసం పోసి, రైలుపెట్టె ఒకదాని మీద పెట్టి మెల్లగా తోశాను. తిన్నటి పట్టా మీద చుక్క తొణకలేదు, నా చేతుల్లో ఉండి కూడా! మలుపెక్కగానే వెనక అంచు మీంచి బొళబొళా కారి, వంగి చూస్తున్న దివాను గారి ఒళ్లో పడింది.

పెట్టె ఆపి చూశాను. వెనక అంచున పాయసం నిండుగానే ఉంది. ముందు అంచున ఒక వేలి వెడల్పు తగ్గింది. గిన్నె పొడుగు ఎనిమిది వేళ్లు.

"ఎనిమిది వేళ్ల దూరానికి ఒక వేలు ఎత్తు ప్రభూ!"

"అబద్ధం!" దివాను గారు లేచి నిలబడ్డారు. "ఈవిడ దేన్నైనా పదింతలు చేసి చెబుతుంది. పదో వంతే నమ్మాలి!"

"అయితే ఒళ్లో పాయసం కూడా పదో వంతే తుడుచుకోండి దివాను గారూ!"

రాణీగారు పొలమారేలా నవ్వారు. ప్రభువులు కళ్లు తుడుచుకుంటూ, "ఏమయ్యా దివానూ, మా రైలు నీ కంచం ముందే అలిసిపోయేది ఇందుకా! రేపట్నుంచి నీ కంచం వంటింట్లో," అన్నారు. నా వైపు తిరిగి, "నరసమ్మా, నీ నోటికి అడ్డులేదు. భాగించుకోవడం మేం చూసుకుంటాం," అని చేతి కడియం తీసిచ్చారు.

వీశెడు బంగారం!

సరే, మీరూ పదితో భాగించుకోండి.