ఏడుపు కలిపిన పాలు

ఏడు సముద్రాలు దాటితే లోకం అయిపోతుందని అనుకునే రోజులవి. దాటి చూస్తే ఎనిమిదో సముద్రం ఉంది. ఆ సముద్రంలో ఒక దీవి ఉంది. ఆ దీవి నిండా చెరుకు తోట. తోటకి ఒక దొర. దొరకి కూలీలు కావాలి. అలా మన ఉత్తరాంధ్ర రేవుల్లోంచి కొంతమంది ఓడెక్కి వెళ్ళారు. ఎప్పుడని అడక్కండి. మా ముత్తవ్వకే తెలీదు, నాకేం తెలుస్తుంది.

వాళ్ళలో అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. రాణీ కాదు, మహాత్మురాలూ కాదు. చెరుకులో కలుపు తీసే మనిషి. పైగా కుళ్ళుబోతు. ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ననకండి. కుళ్ళు అంటే ఏమిటో తెలీనట్టు మొహాలు పెట్టకండి కూడా. పక్కింటివాళ్ళు గేదెని కొన్న రోజున మీ మొహాలెలా ఉన్నాయో నేను చూశాను.

అచ్చియ్యమ్మ మొగుడు ఓడలోనే జ్వరమొచ్చి పోయాడు. అతన్ని సముద్రంలోకి జారవిడిచినప్పుడు అచ్చియ్యమ్మని ఒడిసి పట్టుకున్నది సోములమ్మ. అంతకుముందు ఒకరికొకరు ఎవరో తెలీదు. ఆ రోజునుంచి ఒకటే దుప్పటి, ఒకటే పళ్ళెం. సోములమ్మ ఆవిణ్ణి సొంత అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచేది. రక్తం పంచుకుని పుట్టకపోయినా ఓడ పంచుకున్నారు కదా.

దీవిలో దిగాక అందరినీ ఒక పొడుగాటి కొట్టంలో పెట్టారు. మధ్యమధ్యన చెక్కల అడ్డు. ఆ చెక్కలు కప్పుదాకా రావు. తలుపులు లేవు, గోనెపట్టాలే. అచ్చియ్యమ్మది ఒక గది. అవతల గది సోములమ్మది, ఆమె మొగుడు ఎర్రన్నది. పొద్దున్నే చెక్కల మీంచి నిప్పు చేతులు మారేది. సాయంత్రం మాటలు చేతులు మారేవి. దొరగారి మందలో కాలు వంకరగా పుట్టిందని పారేసిన దూడ ఒకటి ఉంటే అచ్చియ్యమ్మ తెచ్చి సాకింది. అది పెరిగి ఈనింది. కూలీలందరిలో పాలిచ్చే ఆవు ఆవిడొక్కర్తికే ఉండేది.

ఇలా ఉండగా, దొర తోటలో పనిచేస్తామని వేలిముద్ర వేసిన అయిదేళ్ళ కట్టుబడి తీరింది. కట్టుబడి తీరినవాడికి కొండమీద కాస్త నేల ఇస్తామన్నారు. ఇల్లు కట్టుకోవచ్చు, కూరగాయలు వేసుకోవచ్చు, ఎవడికీ బానిసగా ఉండక్కర్లేదు. కాని మగదిక్కు లేని ఆడదాని పేరన నేల రాయరట. అచ్చియ్యమ్మకి నేల లేదు.

మొదట గురువులు అనేవాడు ఇల్లు కట్టాడు. కొత్త ఇంట్లో పాలు పొంగించనిదే మనవాళ్ళు కాపరం పెట్టరు కదా. పొంగితే ఇల్లు తమని ఒప్పుకున్నట్టు. గురువులు చెంబు పట్టుకుని అచ్చియ్యమ్మ దగ్గరికొచ్చాడు.

అచ్చియ్యమ్మ మొహం నవ్వింది. కడుపు మండింది. మంచి పాలే పిండి ఇచ్చింది. పాలు పొంగాయి. గురువులు ఇంటికి చెక్క తలుపు ఉంది. ఆవిడ ఆ తలుపుని రెండుసార్లు తీసి, రెండుసార్లు వేసి, గోనెపట్టా గదికి తిరిగొచ్చింది.

తరవాత బైరాగి అనేవాడు ఇల్లు కట్టాడు. వాడి పెళ్ళాం చెంబు పట్టుకుని వచ్చింది. అచ్చియ్యమ్మ మొహం నవ్వింది. కడుపు మండింది. ఈసారి పాలలో సగానికి సగం నీళ్ళు కలిపింది. ఆ పాలు ఎంతకీ పొంగవు. అందరూ చూస్తున్నారని బైరాగి పెళ్ళాం గుడ్డతో కుండ సర్దినట్టు సర్ది, కాస్త వంచి ఒలికించి, పొంగాయి పొంగాయి అనేసింది. నలుగురూ కూడా అవునవునన్నారు. పాయసం తినాలి కదా మరి.

మూడోసారి చెంబు పట్టుకుని వచ్చింది సోములమ్మ.

"అప్పా, ఎల్లుండి ఎలిపోతన్నాం. పాలు నీ సేత్తోనే పిండి ఇవ్వాల."

"ఇస్తానే. నాకేటి అడ్డం."

"కొండమీద గాలి బాగుంటాదంట."

"ఉంటాది, ఉంటాది."

అచ్చియ్యమ్మ మొహం నవ్వింది. కడుపు మాత్రం మామూలుగా మండలేదు, పేగులతో సహా మండింది. గురువులు వెళ్తే ఒక గది ఖాళీ అయింది. బైరాగి వెళ్తే ఇంకో గది ఖాళీ అయింది. ఇది వెళ్తే ఆ చెక్కల అవతల ఏముంటుంది? సోములమ్మకి తలుపు, సోములమ్మకి మొగుడు, సోములమ్మకి కొండ. తనకి ఆవు. చెప్పిన రోజు తెల్లవారుతూనే పాలు పిండింది. దీవిలో నిమ్మచెట్లకి కొదవ లేదు. ఒక కాయ కోసి చెంబులో పిండింది. ఎక్కువ కాదు, మూడు చుక్కలు.

కొండమీద కొత్త పొయ్యి, కొత్త కుండ. అందరూ చుట్టూ నిలబడ్డారు. పాలు కాగాయి. కాగి, ముక్కలు ముక్కలుగా విరిగిపోయాయి.

వంచి ఒలికించడానికి కూడా లేదు. సోములమ్మ కుండ దించేసింది, చాప చుట్టేసింది, మొగుణ్ణి తీసుకుని సాయంత్రానికల్లా కొట్టానికి తిరిగొచ్చేసింది. వద్దన్న ఇంట్లో ఎవరుంటారు?

అచ్చియ్యమ్మకి పండగే పండగ. చెక్కల మీంచి నిప్పు ఇచ్చింది, కూర ఇచ్చింది, పెరుగు ఇచ్చింది. మూడు రోజులు ఆవిడంత మంచిది దీవిలో లేదు.

మూడో రోజు సాయంత్రం చెక్కల అవతలనుంచి దగ్గు వినిపించింది. ఎర్రన్నది. తోటలో కాల్చే చెరుకు ఆకు మసి పీల్చి పీల్చి అతని గుండెలు ఎప్పుడో పాడయ్యాయి.

"అప్పా," అంది సోములమ్మ, "రేపు ఈయన మల్లీ ఏలిముద్ర ఎయ్యాలంట. కొండమీద పొయ్యి రాజెయ్యకపోతే నేల ఎనక్కి తీసేసుకుంటారంట. ఇంకో అయిదేళ్ళు కట్టుబడి."

"అయిదేళ్ళా? ఆ దగ్గుతోనా?"

"అయిదేళ్ళు ఈయన నిలవడప్పా. నాకు తెలుసు. ఈయనకీ తెలుసు." చెక్కల దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "ఇదంతా నా తప్పే. నిన్నొగ్గేసి ఎల్తన్నానని దేవుడు పాలు ఇరగ్గొట్టినాడు."

అచ్చియ్యమ్మ చెక్కలకి వీపు ఆనించి కూచుంది. తన మొగుడు పోయిన నాడు తనని పట్టుకున్న చేతులు దానివే. ఇప్పుడు దాని మొగుణ్ణి తానే చావుకి పంపించేస్తోంది. పైగా ఆ వెర్రిది తప్పు తన మీద వేసుకుంటోంది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుంటే అచ్చియ్యమ్మ రెండు తిట్లు ఎక్కువే తిట్టి నిద్రపోయేది.

తెల్లవారింది. గానుగ ముందు బల్ల వేశారు. ఎర్రన్న వరసలో నిలబడ్డాడు. కొండమీది వాళ్ళు కూడా చూడ్డానికి దిగొచ్చారు. అతని వేలికి సిరా పూస్తుండగా అచ్చియ్యమ్మ ఆవు పలుపు చేత్తో పట్టుకునే వచ్చింది.

"ఆగయ్యా," అంది. "కొండ మంచిదే, ఇల్లు మంచిదే. పాలలో నిమ్మకాయ పిండినాను. నానే."

జనం గగ్గోలెత్తారు. బైరాగి పెళ్ళాం కొంగు బిగించి ముందుకొచ్చింది.

"మా పాలు కూడా నువ్వే సెడగొట్టినావా?"

"నీళ్ళు కలిపినాను."

"మరి గురువులోళ్ళ పాలు?"

"మంచివే ఇచ్చినాను. ఏడుపొక్కటే కలిపినాను."

ఆవుని లాక్కోమన్నారు కొందరు. దీవి దాటించమన్నారు కొందరు. సోములమ్మ మాత్రం మొగుడి దగ్గరికెళ్ళి, అతని వేలి సిరా తన కొంగుతో తుడిచింది. ఒకసారి తుడిచింది, రెండుసార్లు తుడిచింది, మూడోసారి గట్టిగా తుడిచింది. అప్పుడు అచ్చియ్యమ్మ వైపు తిరిగింది.

"పద. ఇప్పుడే మల్లీ పొంగించాల. పొంగించేది నువ్వే."

అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. మొగుడు పోయిన ఆడది పాలు పొంగించడం ఎక్కడైనా ఉందా? ముందుగా వద్దన్నది అచ్చియ్యమ్మే.

"ఒలే, మొగుడు పోయిన సెయ్యే ఇది. ఆపైన కుళ్ళు సెయ్యి."

"ఇరగ్గొట్టిన సెయ్యే పొంగించాల. నువ్వు పొంగించకపోతే నాను ఆ గుమ్మం తొక్కను," అంది సోములమ్మ.

కొండెక్కారు. అచ్చియ్యమ్మ అందరి ముందూ పాలు పిండింది. అందరి ముందూ చేతులు కడుక్కుంది. పొయ్యి ముందు కూచుంది. మంట అందుకుంది. ఆవిడ కూచున్నచోటినుంచి ఆ ఇల్లంతా కనిపిస్తోంది. కొత్త కప్పు, నున్నటి నేల, గడియ ఉన్న తలుపు. చూసి చూసి కుండ దించే గుడ్డ అందుకుంది.

"ఒలే, దించేసెయ్యనా? మల్లీ ఇరుగుతాయి."

"నిమ్మకాయ పిండినావా?"

"లేదు. కాని నాకింకా ఏడుపుగానే ఉంది. అది కడుపులో ఉంటే ఇవి ఎలా పొంగుతాయి?"

"కడుపులో ఎందుకు? బైటకి సెప్పు. ఏటికి ఏడుపు?"

"నీ తలుపుకి."

"ఇంకా?"

"నీ మొగుడికి."

ఎర్రన్న తల వంచుకున్నాడు. కుండలో పాల మీద తొరక కట్టింది.

"ఇంకా?"

అచ్చియ్యమ్మ ఇంకో పుల్ల పొయ్యిలోకి తోసింది. తొరక వణికింది. అంచుల్లో బుడగలు వచ్చాయి.

"నాను లేకపోయినా నీకు తెల్లారుతాది," అంది. "దానికి."

ఆ మాట అన్నాక ఆవిడ ఏడ్చింది. నలుగురిలో ఏడ్చింది, కొంగు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. ఈలోగా పాలు లేచాయి. కుండ అంచు దాటి, మూడు పక్కలా జారి, పొయ్యిలో పడి చుయ్యిమన్నాయి. ఈసారి ఎవరూ కుండ వంచలేదు. సోములమ్మ పోయి ఆవిడ పక్కన, అదే మట్టిలో, భుజానికి భుజం ఆనించి కూచుంది. పాయసం ఎవరు వండారో ఎవరికీ గుర్తులేదు.

తరవాత అచ్చియ్యమ్మకి ఇల్లొచ్చిందా అంటారా? రాలేదు. దొర నేల రాయలేదు. తమ ఇంట్లో ఉండమని సోములమ్మ ఎంత బతిమాలినా, మొగుడూ పెళ్ళాల ఇంట్లో నాకేం పనంటూ ఆవుని తోలుకుని కొట్టానికి దిగిపోయింది. ఎర్రన్న కొండగాలికి మరో పద్దెనిమిదేళ్ళు బతికాడు. కుళ్ళు తగ్గిందా అంటారా? అదీ లేదు. కాని ఆ రోజునుంచి ఎవరు ఇల్లు కట్టినా పాలు పొంగించడానికి ఆవిణ్ణే పిలిచారు. ఆవిడ వచ్చేది. ఇల్లంతా కలియజూసేది. పొయ్యి ముందు కూచుని తనకి ఏ మూడు సంగతులకి ఏడుపొచ్చిందో పైకి చెప్పేది. ఉన్నదే చెప్పేది, మొహమాటానికి ఒక్కటీ చెప్పలేదు. ఒకడు బద్ధకంగా కట్టిన ఇంట్లో కప్పు చూసి, గోడ చూసి, "నాకేటీ ఏడుపు రాలేదు నాయనా," అని లేచి వెళ్ళిపోయింది. వాడు సిగ్గుపడి కప్పంతా మళ్ళీ నేసి, నెల తిరక్కుండా ఆవిణ్ణి పిలిచాడు.

ముసలిదై ఒకనాడు పోయింది. కొండమీదే గొయ్యి తీసి పూడ్చారు. ఆవిడ కోసం ఆ దీవిలో తవ్విన నేల అదొక్కటే. తల నెరిసిన సోములమ్మ మూడు రాళ్ళు తెచ్చి పెట్టింది. కుండ పెట్టింది. ఆ వంకరకాలి ఆవు మనవరాలి పాలు పోసింది.

"సమాధి దగ్గర పాలు పొంగించడమేటవ్వా?" అన్నారు పిల్లలు.

"కొత్తిల్లు కాదేటి?" అంది సోములమ్మ. మంట రాజేసింది. ఆనవాయితీ ప్రకారం మూడు చెప్పాలి. ఆవిడ ఒక్కటే చెప్పింది.

"నాకేడుపుగా ఉందప్పా. నన్నొగ్గేసి ఎలిపోనావు."

మిగతా రెండూ చెప్పనేలేదు. ఆ ఒక్కదానికే పాలు పొంగాయి.

ఆ దీవిలో ఇప్పుడు తెలుగు మాట్లాడేవాళ్ళు లేరంటారు. పేర్లు మారాయి, దేవుళ్ళు కూడా చాలావరకు మారారు. కాని కొత్త ఇంట్లోకి వెళ్ళేటప్పుడు పాలు మాత్రం పొంగిస్తారు. ఇంటివాళ్ళు పొంగించరు, ముత్తైదువని పిలవరు. మా ఇల్లు చూసి ఎవరికి కడుపు మండుతుందా అని ఆలోచించి, ఆ మనిషిని చెయ్యి పట్టుకుని పిలుచుకొస్తారు. ఆ మనిషి పొయ్యి ముందు కూచుని మూడూ చెప్పేదాకా ఎవరూ కదలరు. చెప్పాక మొదటి గిన్నె పాయసం ఆ మనిషికే. పాలు విరిగితే ఇంటిని ఎవరూ తప్పు పట్టరు. ఎవరికో చెప్పుకోలేని ఏడుపు మిగిలిపోయిందని, అడిగి తెలుసుకోవడానికి ఇల్లిల్లూ తిరుగుతారు.

తక్కిన కథలన్నీ కంచికి వెళ్తాయి. ఇది వెళ్ళలేదు, అక్కడే కాపరం పెట్టింది.